ఎడమ మోకాలి దగ్గర ఎర్ర బటన్

మా పెళ్ళయ్యాక మా ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే 'ఆపే' అని చెబుతాను. నోరు ఆపమని కాదు, అది ఆయన తరం కాలేదు. తాడు ఆపమని.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు వైపు ఒక సందులో మా ఇల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డు. అందులో ఆయన తరిమెన పట్టేవాడు. ఇప్పుడందరూ లేతు అంటున్నారే, అదే. రెండు గుంజల మధ్య ఇనుప మొనలకి కర్రని బిగించి, దాన్ని తిప్పుతూ ఉలి ఆనించి నునుపు చేసే పని. మంచం కోళ్ళు, ఉయ్యాల కోళ్ళు, కవ్వాలు, అప్పడాల కర్రలు చేసేవాడు. మా పల్నాట్లో ఎటు చూసినా తుమ్మచెట్లే కాబట్టి తుమ్మకర్రే ఎక్కువ వచ్చేది. ఆయన ఒక పక్క నేల మీద పీట వేసుకుని కూర్చునేవాడు. నేను ఎదురుగా గోడకి వీపు ఆనించి ఇంకో పీట మీద కూర్చునేదాన్ని. కర్రకి చుట్టిన నూలు తాడు రెండు కొసలూ నా చేతుల్లో ఉండేవి. కుడి కొస లాగితే కర్ర ముందుకు తిరిగేది, ఎడమ కొస లాగితే వెనక్కి తిరిగేది.

ఉలి కోసేది కర్ర ముందుకు తిరిగేటప్పుడే. వెనక్కి తిరిగేటప్పుడు ఆయన ఉలి కాస్త ఎత్తిపట్టి, ఆ రెప్పపాటులో ఎడమ అరచేత్తో కర్ర మీది పొట్టు తుడిచేసేవాడు. మళ్ళీ ముందుకి, మళ్ళీ కోత, మళ్ళీ వెనక్కి, మళ్ళీ తుడుపు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాకా అదే ఊపు. కర్రలో ముడి తగిలినా, చీలిక కనిపించినా 'ఆపే' అనేవాడు. నేను రెండు చేతులూ బిగబట్టేదాన్ని. కర్ర ఉన్నచోట నిలబడిపోయేది. మొగుడు చెప్పిన మాట వెంటనే వినే ఇల్లాలిగా వీధిలో నాకు పేరొచ్చిందంటే అది ఆ తాడు పుణ్యమే.

నాకు చాలా ఏళ్ళు కడుపు పండలేదు. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి, అంటే ఇప్పటి మా పెద్దపిల్ల, కడుపులో పడ్డప్పుడు ఆసుపత్రికి వెళ్తే లేడీ డాక్టరు నా అరచేతుల్లో కాయలు చూసి ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాను. ఆవిడ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగి, బిడ్డ కావాలో తాడు కావాలో తేల్చుకోమంది. ఆయన తెల్లారి లేచి బస్టాండు దగ్గర మోటార్లకి వైండింగు చేసే భాయ్ కొట్టుకి వెళ్ళాడు.

ఆ భాయ్ చుట్టుపక్కల రైతుల బావి మోటార్లన్నీ బాగుచేసే మనిషి. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. పాతదొక చిన్న మోటారు తెచ్చి, చెక్కకి బిగించి, పటా బెల్టు వేసి కర్రకి తగిలించాడు. స్విచ్చి ఎక్కడ పెట్టాలని అడిగితే మా ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. ఇన్నేళ్ళూ నేను వీపు ఆనించి కూర్చున్న గోడ చూపించాడు. భాయ్ సరేనని అక్కడే చెక్క కొట్టి స్విచ్చి బిగించాడు. ఆగడమనేది ఆ వైపు నుంచే రావాలని ఇద్దరికీ ఎలా తోచిందో తెలియదు. పక్కనే నిలబడి చూసిన నాకూ అందులో తప్పు కనిపించలేదు. పని చేసే మనిషి ఒక పక్క, పని ఆపే స్విచ్చి ఇంకో పక్క. మధ్యలో లేతు.

మోటారు తిరిగిన మొదటి పూట ఆయన మొహం చూడాలి. రెండు పూటల పని ఒక పూటలో అయిపోయింది. నేను పీట మీద ఖాళీగా కూర్చుని కందిపప్పు బాగుచేసుకుంటున్నాను. తాడు లాగకుండా ఆ షెడ్డులో కూర్చోవడం పేరంటానికి వచ్చినట్టుంది. రెండో పూట ఆయన ఉలి ఎత్తి, ఎడమ అరచెయ్యి కర్ర మీదికి చాపాడు, పొట్టు తుడవడానికి. తాడు కాలంలో అయితే అది కర్ర వెనక్కి తిరిగే వేళ. మోటారుకి వెనక్కి తిరగడం తెలియదు. అరచేతి తోలు లేచిపోయింది. ఉలి ఒక చేత్తోనే పట్టుకుని 'ఆపే' అని అరిచాడు. పప్పు చేట అక్కడే పడేసి లేచి స్విచ్చి కట్టేశాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి అంతకంటే మొండిది. పొట్టు తుడవడానికి చీపురు పుల్లల కట్ట ఒకటి ఇచ్చాను. నాలుగు రోజులకి ఆ అలవాటు కాస్త దారికొచ్చింది. కానీ 'ఆపే' అనే అలవాటు పోలేదు. ఏది అడ్డం వచ్చినా ఆయన చెయ్యి చేసేది ఏమీ లేదు, నోరు నన్ను పిలిచేది. లేచి లేతు చుట్టూ తిరిగి వచ్చి స్విచ్చి కట్టాలన్న ఆలోచనే ఆయనకి వచ్చేది కాదు. వచ్చినా ఉలి వదిలి లేచే వ్యవధి ఉండదు.

అలా డాక్టరమ్మ నన్ను తాడు నుంచి విడిపిస్తే, స్విచ్చి వచ్చి నన్ను గోడకి కట్టేసింది. ఎసరు పెట్టి వస్తే చెవి ఇక్కడ, కన్ను అక్కడ. వీధి పంపులో నీళ్ళు వచ్చే వేళకి మోటారు ఆపించి బిందె తీసుకుని వెళ్ళేదాన్ని. నేను వెనక్కి వచ్చేలోగానే మోటారు శబ్దం వినిపించేది. బిందె సగం నిండితే చాలని పరుగులాంటి నడకతో వచ్చేదాన్ని. కడుపుతో ఉన్నదానివి ఆ నడకేందమ్మాయ్ అని పంపు దగ్గర ముసలమ్మలు కోప్పడేవాళ్ళు. ఏమని చెప్పను? మా ఇంట్లో కర్రకి కళ్ళెం లేదు, పట్టుకోవాలి అని చెబితే నవ్వుతారు.

కరెంటు సంగతి మరీ భయం. అప్పట్లో కరెంటు ఎప్పుడు పోయేదో ఎప్పుడు వచ్చేదో ఎవరికీ తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను కాస్త నడుం వాల్చడానికి లోపలికి వెళ్ళాను. స్విచ్చి కట్టాలన్నది ఆయనకి గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఆయన కర్రని విప్పడానికి రెండు చేతులతో పట్టుకుని ఉండగా కరెంటు వచ్చింది. కేక విని పరుగెత్తాను. చేతులు లాక్కున్నాడు గానీ చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగింది. ఆ చొక్కా చేతుల్లోకి తీసుకుని చిరుగు ఎంతుందో కొలిచి చూశాను. ఆయన మాత్రం పాత చొక్కానేలే అన్నాడు.

ఇంతలో వినుకొండ నుంచి మా అమ్మ కబురు చేసింది. రెండుసార్లు పోయిన కడుపు కాబట్టి తొమ్మిదో నెల దాకా ఆగేది లేదని, ఏడో నెలలోనే పురిటికి తీసుకెళ్తానని. ఎనిమిదో నెలలో ప్రయాణం చేయించరు కదా. అందరికీ పుట్టింటికి వెళ్తున్నామంటే ప్రాణం లేచి వస్తుంది. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. ఇప్పుడు వెళ్తే మళ్ళీ పిల్లకి నెలలు వచ్చాకే రావడం. అన్నాళ్ళు ఈయన 'ఆపే' అంటే ఎవరు ఆపుతారు?

మోటారు తీసేసి, కూలికి ఎవరినైనా పెట్టుకుని మళ్ళీ తాడే లాగించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లాగేవాళ్ళు చానామంది దొరుకుతారే. ఆపేవాళ్ళు యాడ దొరుకుతారు?"

అంత మాట తెలిసినవాడికి గోడ మీద స్విచ్చి ఎందుకు కనిపించదో నాకు అర్థం కాలేదు. తను చిన్నపిల్లాడు కాదని, నేను లేకపోతే జాగ్రత్తగా ఉంటానని చెప్పాడు. ఆ జాగ్రత్త ఎంతో చూద్దామని ఒకసారి ఆయనకి చెప్పకుండా లేచి వంటింటి గడప దాకా వెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి ముడి తగిలి కర్ర దడదడలాడింది. తలెత్తకుండానే 'ఆపే' అన్నాడు. మళ్ళీ 'ఆపే' అన్నాడు. గోడకి చెబుతున్నాడు. నేనే గబగబా వచ్చి కట్టేశాను. నేను లేనన్న సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

ఆ సాయంత్రమే భాయ్ కొట్టుకి నడిచి వెళ్ళాను. స్విచ్చి ఆయన దగ్గరికి రావాలి, అంతే నాకు తెలుసు. రైతులు బావుల దగ్గర పెట్టుకునే స్టార్టరు ఒకటి చూపించాడు భాయ్. పచ్చ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. కరెంటు పోయి వచ్చినా మళ్ళీ పచ్చ నొక్కితే తప్ప తిరగదు. స్టార్టరు గోడకే ఉంచి, ఎర్ర బటన్‌కి మాత్రం వేరే చిన్న డబ్బా పెట్టి, వైరు లాగి ఎంత దూరమైనా తీసుకెళ్ళొచ్చని చెప్పాడు.

"వైరు యాడికంటే ఆడికి లాగుతా చెల్లెమ్మా. ఆ డబ్బాని దేనిమీద నిలబెడతావో అది నువ్వు చూసుకో."

చూసుకోవడం నా వంతు అయింది. మొదట తేలికే అనుకున్నాను. లేతు చట్రానికి ఆయన కుడిచేతి పక్క ఒక కర్ర పాతినట్టు బిగించి, దాని నెత్తిన డబ్బా పెట్టించాను. చెయ్యి చాపితే అందుతుంది. ఆయన కూడా బాగుందన్నాడు. మర్నాడు ముడి తగిలింది. రెండు చేతులూ ఉలి మీద బిగుసుకుపోయాయి, నోరు నన్ను పిలిచింది. డబ్బా పక్కనే దిష్టిబొమ్మలా నిలబడి ఉంది. ఎందుకు నొక్కలేదని గొడవపడ్డాను. చెయ్యి వదిలితే ఉలి ఎగిరి మొహాన తగులుతుంది గదా అన్నాడు. నిజమే. అపాయం వచ్చినప్పుడే చేతులు ఇంకా గట్టిగా పట్టుకోవాలి. చేత్తో నొక్కే బటన్ ఆయనకి దేనికీ పనికిరాదు.

చేతులు రెండూ ఉలికి. కుడికాలు మడిచి పీట మీద. ఎడమ పాదం ముందుకు చాపి, ఉలి ఆనే ఇనుప కడ్డీని బొటనవేలితో అదిమిపెట్టాలి. ఆ మనిషి ఒంట్లో ఖాళీగా ఉన్నదేమిటని రోజంతా కూర్చుని చూశాను. కడుపులో బిడ్డ తంతోంది, ప్రయాణం ముహూర్తం దగ్గరికొస్తోంది, నేను మొగుడి కాళ్ళూ చేతులూ లెక్కబెట్టుకుంటున్నాను. నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది.

అలా చూస్తుంటేనే నేను ఇన్నేళ్ళూ దేన్ని చూసేదాన్నో గుర్తొచ్చింది. తాడు లాగేటప్పుడు నా చూపు కర్ర మీద ఉండేది కాదు, ఆయన మొహం మీదా కాదు. ఆయన ఎడమ మోకాలి మీద. 'ఆపే' అనే మాట నోట్లో పుట్టకముందే ఆ మోకాలు బయటికి విసురుగా పడేది. నేను ఆపేది మోకాలికి. మాట నా చెవిన పడేసరికి తాడు ఎప్పుడో బిగిసిపోయి ఉండేది. ఈ సంగతి నేను ఆయనకెప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని కూడా నాకు తోచలేదు.

చెబితే నమ్మలేదు. తన మనసు నాకు తెలుసు కాబట్టి ఆపుతున్నాననుకున్నాడట ఇన్నాళ్ళూ. మనసు సంగతి తర్వాత, ముందు మోకాలు చూపిస్తా కూర్చోమన్నాను. మోటారు ఆపే ఉంది. ఉలి ఊరికే కర్రకి ఆనించి పట్టుకోమని, ఏవో కబుర్లు చెబుతూ ఉండి ఉన్నట్టుండి "పొట్టులో తేలు" అన్నాను. మా షెడ్డులో పొట్టు కింద తేళ్ళు మామూలే. ఆయన చేతులు ఉలిని వదల్లేదు. ఎడమ మోకాలు మాత్రం గేటు తెరిచినట్టు బయటికి పడింది. ఆయన మోకాలి వంకా నా వంకా చూసి చాలాసేపు నవ్వాడు. తర్వాత కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా, మనసు కాదు మోకాలని తెలిసి.

డబ్బా మోకాలి పక్కన నిలబడాలి. కానీ ఆ మోకాలు ఒకచోట ఉండదు. మంచం కోడు అయితే కాలు చాచుకుంటాడు, మోకాలు కిందికి ఉంటుంది. అప్పడాల కర్ర అయితే కాలు దగ్గరికి లాక్కుంటాడు, మోకాలు గడ్డం దాకా వస్తుంది. పైకీ కిందికీ జరగాలి, దగ్గరికీ దూరానికీ జరగాలి, జరిపినచోట గట్టిగా నిలబడాలి. అలాంటి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? సైకిలు షాపు ముందు ఒకతను సీటు ఎత్తు పెంచుకుంటుంటే చూసి ఆగిపోయాను. గొట్టంలో గొట్టం. ఒక బోల్టు వదులు చేస్తే లేస్తుంది, బిగిస్తే మనిషి కూర్చున్నా దిగదు.

మా షెడ్డు వాసానికి మామగారి పాత సైకిలు వేలాడుతుండేది, చక్రాలు లేకుండా. మామగారు పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అడగాలంటే నాకు నోరు రాలేదు. సీటు గొట్టం సంగతి చెబుతూ పైకి చూశాను, అంతే. మా ఆయన నిచ్చెన వేసి దించాడు. గ్యాసు వెల్డింగు కొట్టులో సీటు గొట్టం కోయించి నిలువుగా నిలబెట్టాం. అందులో సీటు కడ్డీ పైకీ కిందికీ జరుగుతుంది. దాని నెత్తిన హ్యాండిల్ గొట్టం అడ్డంగా, అది ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పక్కకీ తిరుగుతుంది. కొసన ఎర్ర బటన్ డబ్బా. వెల్డింగు చేసేవాడు ఇది ఏ యంత్రమని అడిగితే, పెళ్ళాం అని చెప్పాడు మా ఆయన.

మూడు బోల్టుల ఆ ఇనుప చేతిని లేతు చట్రానికి బిగించాం. పచ్చ బటన్ గోడ మీదే. తిప్పాలంటే లేచి వెళ్ళాలి, ఆపాలంటే మోకాలు చాలు. ఇక నిశ్చింత అనుకున్నాను. కానీ ఆయన కాస్త కదిలితే చాలు మోకాలు తగిలి మోటారు ఆగిపోయేది. లేచి గోడ దగ్గరికి, మళ్ళీ పీట మీదికి. సాయంత్రానికి విసుగెత్తి, నేను చూడటం లేదనుకుని బోల్టు వదులు చేసి ఆ చేతిని దూరంగా తిప్పేశాడు. నేను చూశాను. ఆ రోజు మా ఇంట్లో ఎసరు మరగలేదు, నేనే మరిగాను. నాకు పసుపూ కుంకుమా ఉండాలని లేదా అని కూడా అనేశాను. అనకూడని మాట. ఆయన మొహం పాలిపోయింది. నా చెయ్యి తీసుకుని, మోకాలికీ డబ్బాకీ మధ్య అడ్డంగా పెట్టి, నాలుగు వేళ్ళ ఎడం ఉంచి తనే బోల్టు బిగించాడు. ఆ ఎడం సరిపోయింది. ఊరికే కదిలితే తగలదు, ఉలిక్కిపడితే తగులుతుంది.

మా అమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున వర్జ్యం వచ్చేలోగా గడప దాటాలని పంచాంగం చూపించుకుని మరీ వచ్చింది. నేను బట్టలు సర్దుకుంటూ షెడ్డులోకి తొంగిచూశాను. ఆయన మంచం కోడు ఒక కొస నునుపు చేసి, రెండో కొస చేయడానికి పీట ఈడ్చుకుంటూ జరిగాడు. ఇనుప చెయ్యి పాతచోటే నిలబడి ఉంది. దాని పక్కన మోకాలు లేదు, ఖాళీ. ఆయన చూసుకోలేదు. పని చేసుకుంటూ ఉన్నాడు.

నేను వెళ్ళి మోటారు ఆపి ఆ పొట్టులోనే కూలబడ్డాను. చెయ్యి జరపడం మర్చిపోయా, రేపటినుంచి గుర్తుపెట్టుకుంటానులే అంటున్నాడు. గుర్తుపెట్టుకునే మనిషే అయితే ఇదంతా దేనికి? ఆయన జరిగినప్పుడల్లా ఒకరు జ్ఞాపకం చేయాలంటే, ఆ ఒకరు నేనే కావాలి. ఇన్నాళ్ళ తిరుగుడూ మామగారి సైకిలూ అన్నీ మట్టిగొట్టుకుపోయినట్టే అనిపించింది. ఇంతకాలం చేసుకున్న పనే గదా, దేవుడున్నాడు లేమ్మా అంది అమ్మ. దేవుడికి స్విచ్చి ఎక్కడుందో తెలుసా అని కసురుకున్నాను.

కింద కూర్చున్నాను కాబట్టి నా కళ్ళకి ఎదురుగా ఆయన పీట కనిపించింది. ఎక్కడికి జరిగినా ఆయన దాని మీదే జరుగుతాడు. దాన్ని మర్చిపోయి జరగలేడు.

మర్నాడు పొద్దున్నే భాయ్‌కి కబురు పంపాను. పాపం, టిఫిను కూడా తినకుండా సైకిలు మీద వచ్చాడు. ఇనుప చేతిని లేతు చట్రం నుంచి విప్పి ఆయన పీట ఎడమ అంచుకి బిగించారు. వైరు నేల మీద కాళ్ళకి అడ్డం పడకుండా పైన వాసానికి కట్టి, అటూ ఇటూ జరగడానికి వదులుగా వేలాడదీశాడు భాయ్. పీట ఈడిస్తే చెయ్యి కూడా వస్తోంది. ఆ కొసకీ ఈ కొసకీ ఈడ్పించి చూశాను. డబ్బా అంచు మోకాలికి గట్టిగా తగులుతుందేమోనని, నేను లాగిన పాత నూలు తాడు చిలక్కొయ్య నుంచి తీసి, బటన్ ఒక్కటీ బయట ఉండేలా దాని చుట్టూ చుట్టాను. వాకిట్లో రిక్షా ఉంది. వర్జ్యం వచ్చేస్తోందని అమ్మ అరుస్తూనే ఉంది. ఇంకొక్క ముడి అంటూ నేను చుడుతూనే ఉన్నాను.

స్టేషనులో రైలు కదిలేటప్పుడు రెండు మాటలు చెప్పాను. నాలుగు వేళ్ళ ఎడం. మెడలో తువ్వాలు వద్దు. తల ఊపాడు. ఆయన తల ఊపడం మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.

వినుకొండలో మా పుట్టిల్లు కొండ కింద వీధిలో, పిండిమర పక్కన. అమ్మ నన్ను కాలు కింద పెట్టనిచ్చేది కాదు. పడుకుని పిండిమర చప్పుడు వింటూ ఉండేదాన్ని. అది తిరుగుతున్నంతసేపూ ఒక భయం, ఉన్నట్టుండి ఆగితే ఇంకో భయం. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని చెవులు రిక్కించేదాన్ని. నరసరావుపేట నుంచి వచ్చేవాళ్ళెవరైనా కనిపిస్తే అడిగించేదాన్ని. బాగానే ఉన్నాడమ్మా, బజార్లో కనిపించాడు అనేవాళ్ళు. రెండు చేతులూ ఉన్నాయా అని అడగాలనిపించేది. నాకు పుట్టబోయే బిడ్డ గురించి కూడా అంత దిగులు పడలేదు. ఆ మాట అమ్మతో అంటే నోరు మూసుకోమంది.

తొమ్మిదో నెల నిండుతుండగా ఒక ఉదయం అరుగు మీద కూర్చుని ఉంటే వీధి మలుపులో ఆయన కనిపించాడు. కుంటుతున్నాడు. ముందు చేతులు చూశాను. రెండూ ఉన్నాయి. దగ్గరికొచ్చాక మెడ పక్కన ఎర్రగా ఒరుసుకుపోయిన చార కనిపించింది.

"తువ్వాలేసుకున్నావా?"

ఆయన సంచి కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. ఎండలు గదా, తడిపి మెడలో వేసుకున్నాడట. తుమ్మకర్రలో పైకి కనిపించని ముడి తగిలి ఉలి ఎగదన్నింది. అదుపు చేయడానికి ముందుకు వంగితే తువ్వాలు కొస కర్రకి చుట్టుకుంది. మెడ పట్టి లాక్కుంటూ పోయిందట. చేతులు ఉలి మీదే ఉన్నాయి. ఇదంతా నెమ్మదిగా, వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

నేను పంచె పైకి జరిపి చూశాను. ఎడమ మోకాలి బయటి పక్క అరచెయ్యంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. అంత గట్టిగా కొట్టుకుంది. కమిలిన చోట తాడు పేటలు అచ్చు పడి సన్నటి గీతలు కనిపించాయి.

"నిన్నే పిలిచానే," అన్నాడు. "ఆగింది. నువ్వే ఆపావనుకున్నా. తువ్వాలు విప్పుకొని తలెత్తి చూస్తే, గోడకాడ నువ్వు లేవు."

'ఆపే' అన్న ఆ కేకకి వీధిలోవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారట. ఊళ్ళో లేని పెళ్ళాన్ని పిలుస్తున్నాడు చూడండని తర్వాత ఒకటే నవ్వులాట. అది విని మా అమ్మ కూడా నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మోకాలి మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. ఆయన నరసరావుపేటలో పిలిచాడు, నేను వినుకొండలో ఉండి పలికాను. నాకు అర్థమైంది అంతే.